స్కూల్లో ఏఈడీ: రిసెప్షన్‌లోనా, బయటి గోడ మీదా?

2011లో లివర్‌పూల్‌లో ఆలివర్ కింగ్ అనే 12 ఏళ్ల అబ్బాయి, స్కూల్లో ఈత పోటీలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. తండ్రి మార్క్ కింగ్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2022లో బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లో తన నిధులతో నడిచే బడులకు డీఫిబ్రిలేటర్లు, అంటే ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే ఏఈడీ మెషీన్లు, ఇస్తామని ప్రకటించి, ఆ తర్వాత 20,000కు పైగా పంచింది. ఇచ్చేవరకే ప్రభుత్వం పని, ఆ తర్వాత చూసుకోవాల్సింది బడే. అక్కడ పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులు స్కూలువాళ్లతో మాట్లాడి తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ మెషీన్ ఎక్కడుండాలి?

రిసెప్షన్‌లో ఉంటే ఖర్చు లేదు. వెచ్చగా ఉంటుంది, మెషీన్ సిద్ధంగా ఉందని చెప్పే పచ్చ లైటు వెలుగుతోందో లేదో రోజూ ఎవరో ఒకరి కంట పడుతుంది. కానీ సాయంత్రం తలుపులు మూశాక, శని ఆదివారాల్లో, వేసవి సెలవుల్లో అది ఎవరికీ అందదు. బడి మైదానంలో వారాంతంలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు కూడా.

బయటి గోడ మీద పెడితే వీధి మొత్తానికీ పనికొస్తుంది. 'ద సర్క్యూట్' అనే జాతీయ జాబితాలో నమోదు చేస్తే, అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసినవాళ్లకు అది ఎక్కడుందో, దాన్ని ఉంచిన పెట్టెకు తాళం ఉంటే దాని కోడ్ ఏమిటో ఆపరేటరే చెబుతారు. ఖర్చు మాత్రం తప్పదు. గడ్డకట్టే చలిలో, ఒంటికి అంటించే ప్యాడ్ల మీది జెల్, బ్యాటరీ రెండూ దెబ్బతింటాయి కాబట్టి, లోపల హీటర్ ఉన్న పెట్టె, దానికి కరెంటు లైను కావాలి. దొంగతనం భయం చాలా స్కూళ్లకు ఉంటుంది. ఆ భయంతో పిల్లల ప్రాణానికి అడ్డంగా తాళం వేయడం నాకు నచ్చదు.

అసలు తేల్చేది గడియారం. షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు 10 శాతం తగ్గుతుంది. మైదానం చివర నుంచి ఒక టీచర్‌ను పరిగెత్తమనండి. మధ్యలో కోడ్ నొక్కే తలుపులు, మెట్లు అన్నీ దాటి, మెషీన్ తీసుకుని వెనక్కి రావడానికి 3 నిమిషాలు దాటితే ఆ చోటు పనికిరాదు.

చిన్న ప్రైమరీ స్కూలైతే, ఆటస్థలం వైపున్న బయటి గోడే మేలు. పెద్ద సెకండరీ స్కూల్లో ఒక్కటే ఉంటే జిమ్ దగ్గర, తాళం లేకుండా లోపల పెట్టాలి. రెండోదానికి చందా పోగుచేసి బయట పెట్టించాలి. అందులో మన తెలుగు సంఘాలు ఓ చెయ్యి వేయొచ్చు.

ఎక్కడ పెట్టినా ప్యాడ్ల కవరు మీది తేదీ చదవాల్సిందే. రెండు మూడేళ్లలో గడువు అయిపోతుంది, ఒకసారి వాడితే మళ్లీ పనికిరావు. అందుకే అదనంగా ఒక సెట్టు మెషీన్ సంచిలోనే ఉండాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు వేరే ప్యాడ్లు గానీ, మెషీన్ మీద పిల్లల బటన్ గానీ ఉంటుంది. రెండూ లేకపోతే పెద్దవాళ్ల ప్యాడ్లే ఒకటి ఛాతీకి, ఒకటి వీపుకి అంటించాలి. అనుమానపడి ఆగకూడదు.

ఆగస్టులో బడి మూసి ఉన్నప్పుడు ఆ పచ్చ లైటు ఎవరు చూస్తారో, వాళ్ల పేరు కూడా రాయించుకోండి.