ఒకే కంప్యూటర్‌లో రెండు వెబ్ సర్వర్లు: ఒంగోలు సర్వీసు దుకాణంపై నా అభిప్రాయం

చీమకుర్తిలోని మా గ్రానైట్ యూనిట్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అపాచీ అనే వెబ్ సర్వర్ (బ్రౌజర్‌కు పేజీలు అందించే ప్రోగ్రామ్) మీద నడుస్తుండగా, కొత్త వెబ్‌సైటు కోసం అదే కంప్యూటర్‌లో ఎంజిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ కూడా పెట్టాలని చూస్తే, రెండూ 80వ పోర్టునే (నెట్‌వర్కు నుంచి అభ్యర్థనలు వచ్చే, సంఖ్యతో గుర్తించే ద్వారం) కోరడంతో రెండోది మొదలయ్యేదే కాదు. ఒంగోలు కర్నూలు రోడ్డులోని ఒక దుకాణం నుంచి వచ్చిన టెక్నీషియన్, ముందు ఆ పోర్టును ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో తెరమీద చూపించి, అపాచీ సెట్టింగుల ఫైలులో ‘లిజన్ 80’ అన్న వరుసను ‘లిజన్ 8080’గా దిద్ది, వర్చువల్ హోస్టు (ఏ పోర్టులో ఏ సైటు చూపాలో చెప్పే భాగం) వరుసలోని సంఖ్యను కూడా మార్చి, సర్వీసును తిరిగి ప్రారంభించారు. అంతకుముందు నేనే మార్చి చూసినప్పుడు ఆ రెండో వరుసను వదిలేయడం వల్లనే నాకు బిల్లింగ్‌కు బదులు వేరే పేజీ వచ్చేదని అప్పుడు అర్థమైంది. 8080ని బయటి నెట్‌వర్కుకు తెరవకుండా ఫైర్‌వాల్‌లో ఆపడం నాకు అన్నిటికంటే నచ్చింది. చేసిన మార్పులను కాగితం మీద రాసిచ్చి ఉంటే ఇంకా బాగుండేది. అవసరమైతే మళ్లీ వారినే పిలుస్తాను.