కవలల డీఎన్‌ఏ పరీక్ష: ఫలితం నమ్మదగినదే, రిపోర్టులోని ఒక వాక్యం మాత్రం కాదు

మా కవల ఆడపిల్లలకు ఇప్పుడు 11 ఏళ్లు. కాన్పు సమయంలో రెండు మాయలు కనిపించాయి కాబట్టి వీరు వేర్వేరు అండాల నుంచి పుట్టినవారని ఆసుపత్రిలో చెప్పారు. మేమూ ఇన్నేళ్లుగా అదే నమ్ముతూ వచ్చాం. నిజానికి ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లోనూ దాదాపు మూడో వంతు మందికి మాయలు వేరుగానే ఉంటాయి. ఫలదీకరణ జరిగిన మొదటి మూడు రోజుల్లోనే పిండం రెండుగా విడిపోతే అలా జరుగుతుంది. ఈ సంగతి మాకు పోయిన ఏడాది దాకా తెలియదు. చిన్నమ్మాయికి టైప్-1 మధుమేహం బయటపడినప్పుడు పిల్లల డాక్టరు గారు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసి, వీరు సమరూప కవలలా (ఒకే అండం నుంచి పుట్టినవారా) కాదా అన్నది తేల్చుకుంటే పెద్దమ్మాయిని ఎంత జాగ్రత్తగా గమనించాలో చెప్పడం తేలికవుతుందన్నారు. అందుకోసమే ఇంటికి కిట్ పంపి పరీక్ష చేసే ఒక ప్రైవేటు ల్యాబ్ సేవను తీసుకున్నాం. ఖర్చు 9,500 రూపాయలైంది.

కిట్ చిన్న అట్టపెట్టెలో వచ్చింది. ఒక్కొక్కరికి రెండేసి దూది పుల్లలు, కాగితపు కవర్లు, పేరూ పుట్టిన తేదీ రాసి అంటించే చీటీలు ఉన్నాయి. గంటసేపు ఏమీ తినకుండా ఉండి, నోరు పుక్కిలించి, పుల్లతో బుగ్గ లోపలి వైపు అరనిమిషం పాటు రుద్ది, గాలికి ఆరనిచ్చి కవర్లో పెట్టాలి. రక్తానికి బదులు బుగ్గ కణాలను అడగడం మంచి పద్ధతి. గర్భంలో ఉన్నప్పుడు ఒక శిశువు రక్తకణాలు మరో శిశువులోకి చేరే సందర్భాలు ఉంటాయి. అవి పుట్టిన తర్వాత కూడా ఏళ్ల తరబడి మిగిలిపోయి ఫలితాన్ని తికమక పెట్టగలవు.

అయితే సూచనల కాగితంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక లేదు. హడావుడిలో ఒకే బిడ్డ నోటి నుంచి తీసిన పుల్లలు ఇద్దరి కవర్లలోకీ చేరితే, ఫలితం తప్పకుండా ‘సమరూప కవలలు’ అనే వస్తుంది. పితృత్వ పరీక్షలో తండ్రి నమూనాకు బదులు బిడ్డ నమూనాయే రెండోసారి వెళ్తే ల్యాబ్ వెంటనే పట్టుకోగలదు. ఇక్కడ మాత్రం పొరపాటు కూడా సరైన జవాబులాగే కనిపిస్తుంది. చూపులకే తేడా తెలియని పిల్లలున్న ఇళ్లకు పంపే కిట్‌లో ఈ మాట మొదటి పంక్తిలోనే ఉండాలి. నేను చిన్నమ్మాయిని వంటింట్లో కూర్చోబెట్టి, ఆమె కవర్లు రెండూ అంటించి, చీటీ మీద సంతకం చేశాకే పెద్దమ్మాయిని గదిలోంచి పిలిచాను.

రిపోర్టు 12 రోజుల్లో వస్తుందన్నారు గానీ 19 రోజులు పట్టింది. రెండుసార్లు ఫోన్ చేస్తే తప్ప ఏ దశలో ఉందో చెప్పలేదు.

ఇక రిపోర్టు సంగతి. ఇద్దరి డీఎన్‌ఏను 21 చోట్ల పోల్చి పట్టికగా ఇచ్చారు. ఆ చోట్లలో డీఎన్‌ఏ అక్షరాల చిన్న గుంపు ఒకటి వరుసగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు. ప్రతి చోటుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుంటాయి. ఉదాహరణకు టీహెచ్01 అనే చోట నాలుగక్షరాల గుంపు మా పిల్లలిద్దరికీ ఒక ప్రతిలో 6 సార్లు, రెండో ప్రతిలో 9 సార్లు ఉంది. మామూలు తోబుట్టువులకు ఏదైనా ఒక చోట తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే ప్రతులు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కాకతాళీయంగా కలిసే సందర్భాలను కూడా లెక్కలోకి తీసుకున్నా, వరుసగా 21 చోట్లా కలవడం దాదాపు జరగని పని. కాబట్టి ఒకే అండమా, రెండా అన్న ప్రశ్నకు ఈ పరీక్ష ఇచ్చిన ‘ఒకే అండం’ అన్న జవాబును నేను పూర్తిగా నమ్ముతున్నాను. డాక్టరు గారికి కావలసింది కూడా అదే.

నా అభ్యంతరమంతా పట్టిక కింద లావు అక్షరాలతో ఉన్న వాక్యం మీద: ‘ఇద్దరి డీఎన్‌ఏ పూర్తిగా, నూటికి నూరు శాతం ఒకటే.’ మనిషి జన్యుపటంలో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. అందులో 21 చోట్లు చూసిన ల్యాబ్ ఈ మాట అనకూడదు, పైగా అది వాస్తవం కూడా కాదు. ఐస్‌లాండ్‌లోని డీకోడ్ జెనెటిక్స్ పరిశోధకులు 381 జంటల సమరూప కవలల జన్యుపటాలను మొత్తంగా చదివి 2021లో ఫలితాలు ప్రచురించారు. పిండం ఎదిగే తొలి దశలోనే వచ్చిన మార్పుల్లో సగటున 5.2 చోట్ల కవలల మధ్య తేడా ఉన్నట్లు తేలింది. 38 జంటల్లో ఏ తేడా కనిపించలేదు, 39 జంటల్లో మాత్రం వందకు పైగా కనిపించాయి. అంతకుముందు 2014లో జర్మనీ పరిశోధకులు కవల సోదరులిద్దరి వీర్యాన్నీ, వారిలో ఒకరి బిడ్డ రక్తాన్నీ లోతుగా పరీక్షించి, తండ్రిలోనూ బిడ్డలోనూ ఉండి తండ్రి కవల సోదరుడిలో లేని అయిదు మార్పులను గుర్తించారు. మామూలు పరీక్ష విడదీయలేని ఇద్దరిని అవి విడదీశాయి.

ఈ తేడాలు చాలా చిన్నవే, నిజమే. కానీ మా ఇంట్లో ఆ వాక్యం చేసిన పని చిన్నది కాదు. రిపోర్టు చదివిన పెద్దమ్మాయి, “అమ్మా, అంతా ఒకటే అయితే నాకూ ఇన్సులిన్ ఇంజెక్షన్లు తప్పవా?” అని అడిగింది. తప్పనిసరి కాదని నేను ధైర్యంగా చెప్పగలిగాను. సమరూప కవలల్లో ఒకరికి టైప్-1 మధుమేహం వచ్చి రెండోవారికి రాకపోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. పైగా ఈ జబ్బులో క్లోమంపై దాడి చేసే రోగనిరోధక కణాలున్నాయే, అవి తయారయ్యేటప్పుడు తమ గ్రాహకాల (దేనిపై దాడి చేయాలో గుర్తుపట్టే భాగాల) జన్యువులను యాదృచ్ఛికంగా కత్తిరించి అతుక్కుంటాయి. ఆ కత్తిరింపులు ఏ ఇద్దరిలోనూ ఒకేలా ఉండవు, కవలల్లోనైనా సరే. సాధారణ తోబుట్టువు కన్నా పెద్దమ్మాయికి ముప్పు ఎక్కువన్నది మాత్రం నిజం. అందుకే డాక్టరు గారు ఆమెకు యాంటీబాడీ పరీక్షలు (క్లోమంపై అలాంటి దాడి మొదలైందేమో చూసే రక్తపరీక్షలు) రాశారు.

ఆ వాక్యం గురించి ల్యాబ్‌కు ఫోన్ చేస్తే, జన్యు సలహాదారు ఓపికగా విన్నారు. “మేము చూసిన 21 చోట్లా కలిశాయి మేడమ్, దాని అర్థం అంతవరకే” అని స్పష్టంగా ఒప్పుకున్నారు. ఆ మాటే రిపోర్టులో రాయమంటే అది అందరికీ వాడే నమూనా పత్రమని, మార్చే అధికారం తమకు లేదని చెప్పారు.

కవలలు ఏ రకమో వైద్య అవసరం కోసం తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రులు, నమూనాలు తీసేటప్పుడు నేను చెప్పిన జాగ్రత్త పాటిస్తే, ఈ పరీక్షను నిశ్చింతగా చేయించుకోవచ్చు. నేను రిపోర్టుకు రెండు ప్రతులు తీయించి, ఇద్దరి వైద్య ఫైళ్లలోనూ ఒక్కొక్కటి పెట్టాను. రెండింటిలోనూ ‘నూటికి నూరు శాతం’ అన్న మాటను పెన్నుతో కొట్టేసి, పైన ‘పరీక్షించిన 21 చోట్ల’ అని రాశాను.