లూవర్లు గీయడానికి ఏ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మేలు: సాలిడ్‌వర్క్సా, ఇన్వెంటరా, సాలిడ్ ఎడ్జా, ఫ్రీక్యాడా?

ఒడిశాలోని రాయగడలో మా వర్క్‌షాప్‌లో ఎక్కువగా కరెంటు ప్యానెల్ బాక్సులు చేస్తాం. షీటు విశాఖలో లేజర్ మీద కోయించి తెప్పించుకుంటాం. బెండింగూ, లూవర్లు (గాలి ఆడటానికి షీటుని చీల్చి పైకి లేపే రెక్కలు) కొట్టడమూ ఇక్కడే. ఒకసారి 18 గేజ్ షీటు తలుపులు ఆరు దిగాయి. మా ప్రెస్ మేస్త్రి ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇదేటి బాబూ, లూవర్లు కొట్టమన్నావు, ఇక్కడన్నీ కన్నాలే ఉన్నాయి కదా!" అన్నాడు. తలుపుకి 24 లూవర్లు రావాలి. ఆ 24 చోట్లా పొడవాటి కంతలే. నేను పంపిన డీఎక్స్ఎఫ్ ఫైల్లో (లేజర్ చదివే గీతల బొమ్మ) ప్రతి లూవర్ చుట్టుగీతా మూసుకుపోయి ఉంది. మూసిన గీత కనబడితే లేజర్ కోసేస్తుంది, దాని పని అదే. ఆరు తలుపులూ తుక్కుకి పోయాయి.

అంతకుముందు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరైనా అడిగితే తెర మీద బొమ్మ ఎంత త్వరగా వస్తుందో చూసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ముందుగా చూసేది ఒక్కటే: షీటును పరిచి చూపే ఫ్లాట్ ప్యాటర్న్‌లో లూవర్ లాంటి ఫీచర్ ఏ రూపంలో మిగులుతుంది?

వంపుకి లెక్క ఉంది. షీటు వంగేటప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. సాగనిదీ నొక్కుకోనిదీ అయిన గీత మందంలో ఎక్కడుందో చెప్పేదే కె-ఫ్యాక్టర్. 2 మి.మీ. షీటు, లోపలి వ్యాసార్థం 2 మి.మీ., 90 డిగ్రీల వంపు అనుకోండి. కె 0.44 అయితే వంపుకి పట్టే పొడవు 4.52 మి.మీ., 0.5 అయితే 4.71 మి.మీ. నాలుగు వంపులున్న బాక్సుకి ఆ తేడా ముప్పావు మిల్లీమీటరు దాకా పోతుంది. అయినా అది దిద్దుకోగల తప్పు. ఒక ముక్క వంచి, కొలిచి, కె మార్చుకుంటే సరిపోతుంది. ఈ విషయంలో నాలుగు సాఫ్ట్‌వేర్లూ నమ్మదగ్గవే.

లూవర్, డింపుల్ (గుంట), బీడ్ (పొడవాటి ఉబ్బు గాడి) లాంటివి అలా కాదు. డై (ఆకారం కొట్టే అచ్చు) దెబ్బకి లోహం సాగి, పలచబడి, గిన్నెలా లేస్తుంది. దాన్ని తిరిగి చదును చేసే సూత్రం ఈ మామూలు ఫీచర్లలో లేదు. లోహం ఎంత పలచబడుతుందో, ఎక్కడ చిరుగుతుందో తెలియాలంటే ఫార్మింగ్ సిమ్యులేషన్ చేసే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి. కాబట్టి ఫ్లాట్ ప్యాటర్న్‌లో లూవర్ దగ్గర వచ్చేది ఒక గుర్తు మాత్రమే. ఆ గుర్తు ఎలా ఉండాలో మనం చెప్పగలిగితేనే పని చెడకుండా సాగుతుంది.

సాలిడ్‌వర్క్స్‌లో ఫార్మింగ్ టూల్ అంటే అచ్చంగా డై బొమ్మే. దాన్ని విడిగా తయారుచేసి, షీటు మీద ఎక్కడ ఆగాలో ఆ ముఖాన్ని, తెరుచుకోవాల్సిన ముఖాల్ని ఎంచి చూపిస్తాం. తెరుచుకునేవి ఎర్రగా కనబడతాయి. తర్వాత డిజైన్ లైబ్రరీ నుంచి లాగి షీటు మీద వదిలితే లూవర్ పడిపోతుంది. ప్రెస్ దగ్గర పనిచేసిన వాళ్లకి ఈ పద్ధతి వెంటనే ఎక్కుతుంది, ఎందుకంటే వాళ్లు రోజూ చేసే పని కూడా ఇదే క్రమంలో ఉంటుంది. కొత్తవాళ్లు తడబడే చోట్లు రెండు. టూల్‌ని ఫార్మింగ్ టూల్ రకం ఫైలుగానూ దాచక, ఆ ఫోల్డర్‌ని ఫార్మింగ్ టూల్ ఫోల్డర్‌గానూ గుర్తించకపోతే లాగి వదిలినప్పుడు అది టూల్‌లా పనిచేయదు. టూల్ మూలల గుండ్రం షీటు మందం కంటే చిన్నదైతే చాలాసార్లు ఫీచరే పట్టదు. డీఎక్స్ఎఫ్ తీసేటప్పుడు ఫార్మింగ్ టూల్స్ అనే చోట టిక్ తీసేయొచ్చు. ఆ ఒక్క టిక్ ఖరీదు ఎంతో నాకు బాగా తెలుసు కాబట్టి ప్రతి ఫైలుకీ చూస్తాను.

ఇన్వెంటర్ దీన్ని పంచ్ టూల్ అంటుంది. ముందు ఒక నమూనా షీటు మీద లూవర్‌ని మామూలుగానే గీస్తాం. తర్వాత దాన్ని పంచ్ ఐఫీచర్‌గా (మళ్లీ మళ్లీ వాడుకునే ఫీచర్ ఫైలు) బయటికి తీసి దాచుకుంటాం. స్కెచ్‌లో ఒకే ఒక్క సెంటర్ పాయింట్ ఉండాలి, రెండుంటే ఒప్పుకోదు. మొదట్లో ఈ పట్టింపు నాకు చిరాకు తెప్పించేది, కానీ మిగతా సౌకర్యాలన్నీ దాని మీదే నిలబడ్డాయి. తలుపు మీద 24 సెంటర్ పాయింట్లు పెట్టుకుంటే 24 లూవర్లూ ఒక్కసారే పడతాయి. దాచేటప్పుడే ప్రతి పంచ్‌కీ ఒక నంబరు, లోతు రాసిపెట్టుకోవచ్చు. ఫ్లాట్ ప్యాటర్న్‌లో పంచ్‌ని పూర్తి ఆకారంగానైనా, తేలికపాటి స్కెచ్‌గానైనా, సెంటర్ గుర్తుగా మాత్రమైనా చూపమని అడగొచ్చు. సెంటర్ గుర్తులు డీఎక్స్ఎఫ్‌లో తమ సొంత లేయర్ (బొమ్మలో విడి పొర) మీదికి వెళ్తాయి. ఆ లేయర్‌ని కోయొద్దు, గుర్తు మాత్రం పెట్టండి అని లేజర్ వాళ్లకి చెబితే చాలు.

డ్రాయింగ్ మీద పంచ్ టేబుల్ కూడా వేసుకోవచ్చు. ఏ నంబరు పంచ్, ఎన్ని, ఏ కోణంలో అన్నది అందులో ఉంటుంది. సాలిడ్‌వర్క్స్‌లోనూ ఈ టేబుల్ ఉంది. మా ఊళ్లో దీని విలువ ఇంకాస్త ఎక్కువ. మేస్త్రిది తెలుగు, హెల్పర్‌ది ఒడియా, డ్రాయింగ్ మీద రాతలు ఇంగ్లీషు. 7 అనే అంకె ముగ్గురికీ ఒకటే. మా అరలోని డైలకి పెయింటుతో నంబర్లు వేసి, అవే నంబర్లు లైబ్రరీలోనూ పెట్టాను. కోణం కూడా చిన్న సంగతి కాదు. ఇక్కడి వానలకి లూవర్ నోరు కిందికి ఉండాలి. తలకిందులుగా కొడితే బాక్సులోకి నీళ్లు పోతాయి, లోపల ఉన్నది కరెంటు. ఫ్లాట్ ముక్క బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు ఏది పైవైపో తెలియదు, పంచ్ టేబుల్‌లో 180 డిగ్రీలు అని ఉంటేనే తెలుస్తుంది.

సాలిడ్ ఎడ్జ్ వేగంలో అందరికంటే ముందుంటుంది. లూవర్, డింపుల్, బీడ్, గస్సెట్ (వంపుకి బలమిచ్చే ఉబ్బు) అన్నిటికీ నేరుగా కమాండ్లున్నాయి. ఒక గీత గీసి లోతు, ఎత్తు ఇస్తే లూవర్ తయారు. చివరలు మూసి ఉండాలా, చీల్చి వదలాలా అన్నదీ అక్కడే ఎంచుకోవచ్చు. కానీ కొలత ఏదైనా ఇవ్వగలగడమే నాకు భయం. 83 మి.మీ. లూవర్ గీయడానికి నిమిషం పట్టదు, 83 మి.మీ. డై మాత్రం అరలో ఉండదు. డైలు కూడా సొంతంగా చేయించుకునే పెద్ద షాపులకి ఇది బాగా నప్పుతుంది.

ఫ్రీక్యాడ్‌ని పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకి నేను గట్టిగా చెబుతాను. పైసా ఖర్చు లేదు, 2024 నవంబరులో 1.0 వెర్షన్ కూడా వచ్చింది. షీట్‌మెటల్ వర్క్‌బెంచ్‌ని యాడ్ఆన్ మేనేజర్ నుంచి విడిగా వేసుకోవాలి. వంపులు, కె-ఫ్యాక్టర్, పరవడం నేర్చుకోవడానికి అది చాలు. అందులో ఫార్మింగ్ కమాండ్ కూడా ఉంది, టూల్ ఆకారాన్ని షీటు ముఖం మీద అచ్చు వేస్తుంది. అయితే పని ఫైలుకి లూవర్లని పక్కన పెట్టి, వంపుల వరకే పరిచి, సెంటర్ గుర్తుల్ని ఆ ఫ్లాట్ మీద వేరే స్కెచ్‌గా గీసుకోమంటాను. కాస్త చేతిపని ఎక్కువే, కానీ తుక్కు మిగలదు.

కొనే స్తోమత ఉండి, ఒకే రకం బాక్సులు నెలనెలా చేసే మాలాంటి షాపుకి నేను ఇన్వెంటర్ అంటాను. కారణం ఆ పంచ్ నంబరు, ఫ్లాట్‌లో గుర్తు మార్చుకునే వీలు. ఇప్పటికే సాలిడ్‌వర్క్స్ మీద చేయి తిరిగినవాళ్లు దానికోసం మారనక్కర్లేదు, లైబ్రరీని డైల నంబర్లతో కట్టుకుంటే దాదాపు అదే ఫలితం వస్తుంది.

ఏది వాడినా, వంపు దగ్గర ఫార్మింగ్ పెట్టేటప్పుడు మందానికి మూడు రెట్లు, దానికి వంపు వ్యాసార్థం కలిపి అంత దూరం వదలండి. 1.2 మి.మీ. షీటు, అంతే వ్యాసార్థం అయితే 4.8 మి.మీ. నాలుగు సాఫ్ట్‌వేర్లలోనూ లూవర్‌ని వంపుకి ఆనుకునేలా గీయడం కుదురుతుంది. ప్రెస్ మీద డై అంచు వంపుకి తగులుతుంది. మా మేస్త్రి డ్రాయింగ్ చేతికి రాగానే స్కేలు పెట్టి ముందు కొలిచేది ఆ దూరమే.