ఎన్‌పీటెల్, కోలాబ్, బయోనంబర్స్: రెండేళ్లు వాడాక

మాది హిందూపురం. పదో తరగతి దాకా తెలుగు మీడియం, లాగరిథమ్‌ని సంవర్గమానం అని చదువుకున్నదాన్ని. బెంగళూరులో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరిన నెలకే ఎంజైమ్ కైనెటిక్స్ (ఎంజైమ్ చర్యల వేగాల) లెక్కలు చూసి టెన్షన్ పట్టుకుంది. యశ్వంతపూర్ పీజీ గదిలో, 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద రెండేళ్లుగా నేను వాడినవి ఈ మూడూ.

ఎన్‌పీటెల్ అనేది ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక. పాఠాలు ఉచితం. సమీకరణాన్ని మెట్టుమెట్టుగా రాబట్టి చూపిస్తారు, థియరీ బాగా పట్టుబడింది. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. నేను చేసిన కోర్సుల్లో అసైన్‌మెంట్లన్నీ ఆప్షన్లు ఎంచుకునేవే. మార్కులు వచ్చాయి గానీ, సొంత డేటా చేతికొస్తే ఏం చేయాలో తెలియలేదు.

ఆ సంగతి ల్యాబ్‌లో బయటపడింది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ప్రయోగం. పీఎన్‌పీపీ అనే పదార్థం ఈ ఎంజైమ్ వల్ల విడిపోయి పసుపు రంగు వస్తుంది, 405 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయాలి. మాన్యువల్‌లో ఉన్నట్టే లైన్‌వీవర్-బర్క్ గ్రాఫ్ (వేగం, గాఢత రెండింటినీ తలకిందులు చేసి, అంటే 1/వేగం, 1/గాఢతగా గీసే సరళరేఖ) గీస్తే కేఎం (వేగం గరిష్ఠంలో సగానికి చేరే గాఢత) మైనస్‌లో వచ్చింది. అలా రావడానికి వీల్లేదు. రికార్డు వెనక్కి వచ్చింది, ఆ రోజు ఏడ్చాను.

రాత్రి కోలాబ్ (బ్రౌజర్‌లోనే పైథాన్ కోడ్ నడిపించే గూగుల్ సేవ) తెరిచి, అవే రీడింగులను తలకిందులు చేయకుండా 1913 నాటి మైకేలిస్-మెంటెన్ సమీకరణానికే నేరుగా ఫిట్ చేశాను. సైపై అనే పైథాన్ లైబ్రరీలో కర్వ్ ఫిట్ అనే ఫంక్షన్ ఉంది, పది లైన్ల కోడ్ కూడా పట్టలేదు. కేఎం సరిగ్గా వచ్చింది, ఎంత అటూఇటూగా ఉండొచ్చో కూడా తెలిసింది. తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. వేగం 0.02 ఉండాల్సిన చోట 0.01 అని చదివితే తేడా చిన్నదే. విలోమం తీస్తే 50 కాస్తా 100 అవుతుంది, గీత మొత్తం ఆ ఒక్క బిందువు వైపు లాగేస్తుంది.

కోలాబ్‌ని కాసేపు వదిలేస్తే సెషన్ తెగిపోతుంది, అప్‌లోడ్ చేసిన ఫైళ్లు పోతాయి. డేటాను గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బయోనంబర్స్, జీవశాస్త్రపు కొలతల ఆన్‌లైన్ డేటాబేస్. ప్రతి సంఖ్యకూ ఒక ఐడీ, అది ఏ పరిశోధనా పత్రంలోదో వివరం ఉంటాయి. ఈ.కోలై బ్యాక్టీరియా కణం ఘనపరిమాణం దాదాపు ఒక ఘన మైక్రాన్. అందులో ఒకే ఒక్క అణువు ఉంటే గాఢత సుమారు 1.7 నానోమోలార్ (ఒక నానోమోలార్ అంటే లీటరుకు మోల్‌లో వందకోట్లో వంతు). ఈ లెక్క చేసుకున్నాక ఎక్కడైనా 10 నానోమోలార్ అని చదివితే, కణంలో తిరిగే ఆరు అణువులు కళ్లముందు కనిపిస్తున్నాయి. ఒకే కొలతకు నాలుగైదు విలువలు ఉంటాయి, ఏ పోషక ద్రవంలో (మీడియంలో) పెంచిన కణాలో చూసి తీసుకోవాలి. మొదటిది పట్టుకుని సెమినార్‌కి వెళ్లి నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇంకా మిగిలిన లోటు ఒకటే. కోర్సుల్లో అభ్యాసానికి ఇచ్చే డేటా గీత మీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది. చెడిన డేటా ఎవరూ ఇవ్వరు. మొన్న పీజీలో జూనియర్ వచ్చి "అక్కా, నాకూ మైనస్ వచ్చింది" అంది. నా పాత రీడింగులనే నోట్‌బుక్‌గా చేసి, తెలుగులో వివరణ రాసి ఇచ్చాను. అందులో మొదటి ప్రశ్న: వీటిలో ఏ రీడింగ్‌ని ముందు అనుమానిస్తావు?