పూర్వీకుల సైనిక రికార్డులు తెప్పిస్తామని వచ్చేవారితో జాగ్రత్త (పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం)

"మీ తాతముత్తాతలు తెల్లవారి సైన్యంలో చేరి సరిహద్దులో చనిపోయారా? లండన్ నుంచి రికార్డు తెప్పిస్తాం, పింఛను బకాయి ఇప్పిస్తాం" అంటూ ఒక వ్యక్తి మన వైపు తెలుగు ఇళ్ళకు తిరుగుతున్నాడు. దయచేసి అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

పర్లాకిమిడిలో మా పెదనాన్నగారి దగ్గర 18,000 రూపాయలు తీసుకున్నాడు. పెదనాన్నగారికి ఎనభై దాటాయి. వారి తాత, అంటే మా ముత్తాత, 1919 ఆఫ్ఘన్ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. తిథి తెలియక ఏటా మహాలయ అమావాస్యనాడే ఆయనకు తర్పణం వదులుతారు. ఆ వ్యక్తి ఇచ్చిన ధ్రువపత్రంలో మరణించిన తేదీ ఉంది. పెదనాన్నగారు పురోహితుల చేత తిథి కట్టించుకుని, ఈ ఏడు ఆ రోజున తద్దినం పెట్టారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ పెద్దాయన చేత కల్పించిన తేదీకి పిండం పెట్టించినందుకు నాకు కడుపు రగిలిపోతోంది.

పత్రం నేను తరువాత చూశాను. 1919 నాటి రిజిస్టరుకు నకలు అని పైన రాసి ఉంది. లోపల సొంత ఊరు "ఒడిశా, గజపతి జిల్లా" అని, చనిపోయిన చోటు "పెషావర్, పాకిస్తాన్" అని ఉన్నాయి. 1919లో మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది 1936లో, గజపతి జిల్లా ఏర్పడింది 1992లో, ఒడిశా అన్న పేరు అధికారికమైంది 2011లో. పాకిస్తాన్ సంగతి చెప్పనక్కరలేదు. పైగా మా ఇంట్లో ఉన్న పతకం అంచు మీద మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) పేరు ఉంటే, పత్రంలో వేరే పటాలం రాశాడు. ఆనవాలుగా లాహోర్ మ్యూజియం రిజిస్టర్లను చూపాడు. ఆ రిజిస్టర్లు పంజాబ్ నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళినవారివి. మన గంజాం మనిషి వాటిలో ఎందుకుంటాడు?

నిజంగా వెతకాలనుకునేవారు మొదట ఇంట్లో ఉన్న పతకం అంచును భూతద్దంతో చూడండి. సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం అక్కడే చెక్కి ఉంటాయి. తరువాత కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ (CWGC, రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో మరణించిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసే సంస్థ) వెబ్‌సైటులో వెతకండి, రుసుము ఏమీ లేదు. మన పేర్లను ఇంగ్లీషులో ఇష్టం వచ్చినట్టు రాశారు, ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, కాబట్టి సంఖ్యతో వెతకడమే మేలు. అందులో 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, మళ్ళీ 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించినవారే ఉంటారు. ఈ రెంటి మధ్య కాలంలో, ఉదాహరణకు 1937లో ఆఫ్ఘన్ సరిహద్దు దగ్గరి వజీరిస్తాన్‌లో చనిపోయినవారి పేరిట ఆ కమిషన్ పత్రమంటూ ఎవరైనా చూపిస్తే అది దొంగ పత్రమే. ఆ కమిషన్ పింఛన్లు, పరిహారాలు ఇవ్వదు. బకాయి ఇప్పిస్తానని అతను మరో 25,000 అడిగింది అందుకే వట్టి మోసం.

సమాధి కోసం కూడా ఆశ పెట్టుకోకండి. హిందువులైన సిపాయిలను ఎక్కువగా దహనం చేశారు, గుర్తుగా మిగిలింది స్మారకాల మీది పేర్లే. ఆఫ్ఘనిస్తాన్ వైపు వాయవ్య సరిహద్దులో, 1919 నాటి మూడవ ఆఫ్ఘన్ యుద్ధంలో పోయినవారికి ఢిల్లీ ఇండియా గేటే స్మారకం. దాని మీద 13,000కు పైగా పేర్లున్నాయి. శాపర్ల కేంద్రం బెంగళూరులో, మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. పతకం మీది వివరాలతో వాటికి మీరే ఉత్తరం రాయవచ్చు.

మేము పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాం. ఫోను ద్వారా డబ్బు పంపినవారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి వెంటనే ఫోను చేసి చెప్పండి. "పరిశీలనకు" అని అతను అసలు పతకాలను, పాత డిశ్చార్జి కాగితాలను కూడా పట్టుకుపోతున్నాడు. మీవి అతని చేతిలో ఉంటే డబ్బు సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు వాటిని వెనక్కి తెచ్చుకోండి.