టమాటా తోటకు మోనోక్రోటోఫాసా, వేప కషాయమా?

పత్తికొండ వైపు టమాటా తోటలో కాయతొలుచు పురుగు కనపడగానే రైతు చేయి ముందు మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు డబ్బా మీదికి పోతుంది. పురుగు త్వరగా చస్తుందని దాని మీద నమ్మకం. ఆ డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటుంది, అంటే అత్యంత విషపూరితం. నరాల పనికి అవసరమైన ఎంజైమును అది అడ్డుకుంటుంది, పురుగులోనైనా మనిషిలోనైనా. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో తేలింది ఈ మందే. కూరగాయలపై దీని వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. అయినా పత్తికని కొన్న డబ్బా పక్క చేలోని టమాటాకు పోకుండా ఆపిందెవరు? 2023లో దీని 36 శాతం ద్రవరూపాన్ని అన్ని పంటలకూ నిషేధిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పైగా ఇది మొక్క లోపలికి ఇంకే మందు. కాయను ఎంత కడిగినా లోపలిది పోదు.

వేప గింజల కషాయానికి ఓపిక కావాలి. 5 కిలోల గింజల పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి పిండితే పాలలాంటి ద్రవం దిగుతుంది. చేతులకంటిన ఆ చేదు సాయంత్రం దాకా వదలదు. దాన్ని 100 లీటర్ల నీటికి కలిపి, కాస్త సబ్బు వేస్తే చాలు. ఎండకు త్వరగా విరిగిపోతుంది కాబట్టి కాయలో విషం మిగులుతుందన్న భయం తక్కువ. అందుకే సాయంత్రం కొట్టాలి, మళ్లీ మళ్లీ కొట్టాలి. ఎదిగిన పురుగు మీద దీని బలం చాలదు, ఒప్పుకోవాలి. గుడ్లు, పిల్ల పురుగుల దశలోనే మొదలుపెట్టాలి.

తినే పంటకు నేను వేపనే ఎంచుకుంటాను. పెద్ద పురుగులను చేత్తో ఏరేస్తాను, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు చేలో కడతాను.