పచ్చిమేత కోతకు ఏది మేలు: సికిల్ బారా, డ్రమ్మా, డిస్కా?

మేత కోయడానికి ట్రాక్టర్‌కు ఏ పరికరం తగిలించాలనే మాట రాగానే చాలామంది వెడల్పు ఎంత, గంటకు ఎంత కోస్తుంది అని అడుగుతారు. నేనైతే ముందు కోసిన చేలోకి దిగి మోళ్లు చూడమంటాను. ఒక్క కోతతో దున్నేసే మొక్కజొన్నకు మోడు ఎలా ఉన్నా ఒకటే. లూసర్న్, నేపియర్ గడ్డి, పలుకోతల జొన్న వంటి మేత పైర్లు అలా కాదు. వాటి తర్వాతి కోత ఆ దుబ్బు నుంచే రావాలి.

మోడు శుభ్రంగా ఉండాలంటే సికిల్ బార్‌కు సాటి లేదు. గార్డుల (బారు ముందుకు పొడుచుకొచ్చిన కదలని వేళ్ల) మధ్య త్రికోణపు బ్లేడ్ల పట్టీ అటూ ఇటూ ఆడుతూ కత్తెరలా కోస్తుంది, కాడ నలగదు. ఐదారడుగుల బారుకు 20 హార్స్‌పవర్ ట్రాక్టర్ చాలు. పట్టీ ఒక పక్కకు జరిగే ఆట (స్ట్రోక్) చివర ప్రతి బ్లేడూ గార్డు నడిమధ్యకు వచ్చి ఆగుతోందా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి. అది తప్పితే సగం కోసి సగం లాగుతుంది. చాలామంది బ్లేడుకే పదును పెట్టి, అరిగిన గార్డు అంచును వదిలేస్తారు. కత్తెరకు రెండో వైపు మొద్దుబారితే మొదటి వైపు ఎంత పదునుంటే ఏం లాభం? దీనికి గట్టి లోపం ఒకటుంది. గాలికి పడిపోయిన చేను, చిక్కగా అల్లుకున్న తడి గడ్డి వస్తే బారు పూడుకుపోయి ఆగిపోతుంది. వేగం కూడా గంటకు 8 కిలోమీటర్లు దాటించడం కష్టం.

డ్రమ్, డిస్క్ మోవర్లకు (గిర్రున తిరిగే డ్రమ్ములకో పళ్లేలకో బ్లేడ్లు బిగించిన కోత యంత్రాలకు) ఆ బెడద తక్కువ. బ్లేడు కొస సెకనుకు 70 నుంచి 90 మీటర్ల వేగంతో తిరుగుతూ కాడను దెబ్బతో తెంచేస్తుంది. ఆనుకోవడానికి రెండో అంచు లేదు కాబట్టి ఇక్కడ వేగమే పదును. డీజిల్ ఆదా అని థ్రాటిల్ తగ్గించి, పీటీఓను (ట్రాక్టర్ నుంచి పరికరానికి శక్తి అందించే ఇరుసును) నిమిషానికి 540 చుట్ల కంటే బాగా కిందికి దించితే మోళ్లు చీలి పీచు తేలతాయి. అలా చీలిన చోట తడి నిలుస్తుంది, కుళ్లు పడుతుంది, పిలకలు ఆలస్యంగా లేస్తాయి.

రెండు డ్రమ్ములూ ఎదురెదురుగా తిరిగి గడ్డిని మధ్యలో సన్నటి వరుసగా పరుస్తాయి. రోజూ పచ్చిమేత ఎత్తుకెళ్లేవారికి ఇది ఎంతో వీలు. సుమారు ఐదున్నర అడుగుల డ్రమ్‌కు 35 నుంచి 45 హార్స్‌పవర్ కావాలి. బరువెక్కువ, మరమ్మతు తక్కువ. ముదిరిన నేపియర్‌కు, పడిపోయిన జొన్నకు నా ఓటు దీనికే. డిస్క్ మోవర్ వెడల్పుగా కోసి గడ్డిని పలుచగా పరుస్తుంది, కాబట్టి ఎండుగడ్డి చేసేవారికి త్వరగా ఆరుతుంది. కానీ దాని గేర్లన్నీ నేలకు ఆనుకుని నడిచే బారులోనే ఉంటాయి. రాళ్ల చేలో దాన్ని దింపితే ఖర్చు కొనితెచ్చుకున్నట్టే.

ఏది కొన్నా ఎత్తు సరిచేసుకోండి. లూసర్న్‌కు 5 నుంచి 8 సెంటీమీటర్లు, నేపియర్‌కు 10 నుంచి 15 వదలాలి. నున్నగా గీకేస్తే గడ్డితోపాటు మట్టి వస్తుంది, సైలేజ్ (గాలి తగలకుండా మాగబెట్టిన మేత) పాడవుతుంది. ఫ్లెయిల్ మోవర్‌తో (వేలాడే బ్లేడ్లతో గడ్డిని చితక్కొట్టి కోసే యంత్రంతో) వచ్చే చిక్కు కూడా ఇదే. పైగా అది ఆకును తునకలు చేసి నేలపాలు చేస్తుంది. లూసర్న్ మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఆకులోనే ఉంటుంది కనుక మేతకు ఫ్లెయిల్‌ను నేను సిఫారసు చేయను.

మొక్కజొన్న సైలేజ్‌కు మోవర్ పనికిరాదు. కోసి, 1 నుంచి 2 సెంటీమీటర్ల ముక్కలు చేసి ట్రాలీలో పోసే హార్వెస్టర్ కావాలి. ఇక్కడ ఎంపిక హెడర్‌ది, అంటే ముందుండి మొక్కను కోసి లోపలికి అందించే భాగానిది. సాలు వెంట నడిచే హెడర్ తేలిక, చిన్న ట్రాక్టర్ లాగుతుంది. కానీ విత్తిన సాళ్ల ఎడం దానికి సరిపోకపోతే మొక్కలను తోసి పడేస్తుంది. సాలుతో పనిలేని రోటరీ హెడర్ ఏ దిక్కు నుంచైనా కోస్తుంది, దానికి తగ్గ బరువూ శక్తీ అడుగుతుంది. నలుగురి చేలు కోసేవారికే అది గిట్టుబాటు. సొంత చేను ఒక్కటే అయితే సాలు హెడర్ తీసుకుని, దాని ఎడానికి తగ్గట్టు విత్తుకోవడం మేలు.